శాలివాహనుని మట్టిసేన – చీనా మృణ్మయాశ్వములు

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములందలి కుమ్మరులు తాము కుమ్మరులమని ఎంత సహజముగా చెప్పుకొందురో, శాలివాహనులమనియు అంత సహజముగా చెప్పుకొందురు. ఈ వాడుక ఆ రెండు సీమలకే పరిమితమైనది కాదు, తెలంగాణమంతటను కలదు. ప్రభుత్వము వారి వెనుకబడిన తరగతుల పట్టికలో 'బి' వర్గమున కుమ్మర, కులాల అను పేళ్ల సరసన శాలివాహన అను పేరును చేరియున్నది. సారె త్రిప్పి, ఆవము పెట్టి, కుండలమ్ముకొని బ్రతుకు కులమునకు చక్రవర్తి పేరెట్లు వచ్చెను? దీనికి వారు చెప్పు సమాధానము ఒక కథ. ఆ కథ గ్రంథస్థమై కూడ ఉన్నది.

గోదావరి యొడ్డున ప్రతిష్ఠానపురమున, అనగా నేటి మహారాష్ట్రమందలి పైఠన్ లో, ఒక కుమ్మరి యింట ఇద్దఱు పరదేశి బ్రాహ్మణులు వితంతువైన తమ చెల్లెలితో కాపురముండిరట. నీటికై గోదావరికి పోయిన ఆమెను నాగరాజైన శేషుడు మోహించెను. ఆమె గర్భవతి యగుట చూచి అన్నలు విడిచి పోయిరి. కుమ్మరి యింటనే బిడ్డ పుట్టి పెరిగెను. తోడి పిల్లలతో ఆడునపుడు తానే రాజై, మట్టితో గుఱ్ఱములను, ఏనుగులను, రథములను చేసి వారికి వాహనములుగా ఇచ్చుచుండెను. ఉజ్జయినీపతి విక్రమార్కుడు ఈ బాలుని వలన తన రాజ్యమునకు ముప్పు కలదని తెలిసికొని దండెత్తి రాగా, శేషుడు అమృతము నొసగెను. బాలుడు దానిని మట్టిబొమ్మలపై చల్లగా గుఱ్ఱములు సకిలించెను, ఏనుగులు ఘీంకరించెను, భటులు లేచిరి. విక్రమార్కుడు పరాజితుడై మరలెను. ఈ బాలుడే శాతవాహనుడు, జనుల నోట శాలివాహనుడు.

జైనాచార్యుడగు జినప్రభసూరి 14వ శతాబ్ది పూర్వార్ధమున రచించిన వివిధతీర్థకల్పములోని ప్రతిష్ఠానపత్తన కల్పమున ఈ కథ ఇంచుమించుగా ఇట్లే కలదు. సింహాసన ద్వాత్రింశిక సంస్కృత పాఠములందును, 24వ బొమ్మ చెప్పిన కథగా, కొలది భేదములతో కనబడును. తెలుగున ఆ ముప్పదిరెండు బొమ్మల కథలను 15వ శతాబ్దిలో పద్యకావ్యముగ తీర్చిన కొరవి గోపరాజు ఈ సీమకు దూరపువాడు కాడు. ఆయన కాలపు వేముగల్లును నిజామాబాదు జిల్లాలోని భీమగల్లుగా పండితులు గుర్తించియున్నారు.

ఈ కథను తరగతిలో చెప్పినప్పుడెల్ల విద్యార్థులలో ఎవరో ఒకరు అడుగు ప్రశ్న యొకటి కలదు: చీనా చక్రవర్తి సమాధిలో బయల్పడిన మట్టిసేనకును మన శాలివాహనుని మట్టిసేనకును సంబంధము లేదా? రెండును మట్టివే, రెండును సేనలే, రెండింటను గుఱ్ఱములున్నవి, రెండును రాజులవే. క్రీ.పూ. 3వ శతాబ్దికి చెందిన చీనా సేనయే ముందుది గావున, ఆ వార్త వర్తకుల వెంట దక్షిణాపథమునకు వచ్చి కథగా మాఱినదని ఊహించుట కడు సులభము. ఇట్టి సులభమైన ఊహలనే పరిశోధకుడు ముందుగా పరీక్షింపవలెను.

1974 మార్చిలో చీనా దేశమున షీఆన్ నగరమునకు తూర్పుగా నున్న లింతోంగ్ ప్రాంతమున రైతులు కొందఱు బావి త్రవ్వుచు ఈ సేనను కనుగొనిరి. క్రీ.పూ. 221లో చీనా రాజ్యములన్నిటిని ఏకము చేసి, క్రీ.పూ. 210లో మరణించిన ఛిన్ షిహువాంగ్ చక్రవర్తి సమాధికి కావలిగా పూడ్చిన బొమ్మలివి. మూడు గోతులలోను కలిపి సుమారు 8000 మంది భటులు, 130 రథములు, వానికి పూన్చిన 520 గుఱ్ఱములు, స్వారికై 150 గుఱ్ఱములు ఉండవచ్చునని అంచనా. భటులును గుఱ్ఱములును ఇంచుమించు నిజప్రమాణమున నున్నవి. ఇందు ఒక విశేషము గమనింపదగినది. ఇచ్చటి రౌతులు గుఱ్ఱములపై ఎక్కి యుండలేదు. ఒక్కొక్కడు తన గుఱ్ఱము ముందు నిలిచి కళ్లెము పట్టినట్లు నుండును. గుఱ్ఱపు వీపున జీను కలదు గాని రికాబు లేదు. స్వారి చేయు సైన్యము చీనాలో అప్పటికి కొత్తది. రథమునకున్న ప్రతిష్ఠ దానికింకను రాలేదు.

ఈ గుఱ్ఱములను చేసిన తీరు మన కుమ్మరి వినినచో వెంటనే గ్రహించును. కాళ్లు గట్టిగాను, మొండెము డొల్లగాను చేసి, తల, మెడ, చెవులు, తోక వేఱుగా చేసి అతికిరి. రథాశ్వముల ప్రక్కటెముకల చోట గుండ్రని రంధ్రము విడిచి, తరువాత మట్టి బిళ్లతో మూసిరి. లోపలి గాలికిని ఆవిరికిని దారి లేనిచో కాల్చునపుడు బొమ్మ పగులును. డొల్లగా చేసిన ఏ మట్టివస్తువునకైనను ఈ చిక్కు కలదు గావున, ఒకరి నుండి మఱియొకరు నేర్వకయే ఎన్ని దేశముల కుమ్మరులైనను ఈ ఉపాయమునకు రావచ్చును. కనుక పనితనములోని పోలికలను చూచి సంబంధమును ఊహించుట తగదు.

ఛిన్ తరువాతి హాన్ వంశీయుల కాలమున రౌతు గుఱ్ఱమెక్కెను. షీఆన్ కు సమీపముననే యాంగ్‌జియావాన్ అను చోట 1965లో దొరికిన హాన్ సేనానుల సమాధి గోతులలో ఐదువందలకు మించిన అశ్వికుల బొమ్మలు బయల్పడినవి. ఇవి నిజప్రమాణమువి కావు, మూడడుగులకు తక్కువ. ఉత్తరపు గడ్డిమైదానముల నుండి హూణులను పోలిన షియోంగ్ను గుఱ్ఱపుదండ్లు హాన్ రాజ్యమును వేధించుచుండిన దినములవి. క్రీ.పూ. 200లో ఆ వంశమునకు మూలపురుషుడైన గావోజు చక్రవర్తియే వారి ముట్టడిలో చిక్కి బయటపడెను. గుఱ్ఱము లేనిదే రాజ్యము నిలువదని తెలిసిన తరువాత చీనావారు ఫెర్ఘానా లోయలోని మేలిజాతి గుఱ్ఱములకై సైన్యములనే పంపిరి. క్రీ.పూ. 104 మొదలు 101 వఱకు సాగిన ఆ దండయాత్రలలో ఎన్ని వేలమంది నశించిరో గాని, చేతికి చిక్కిన ఉత్తమాశ్వములు కొన్ని పదులు మాత్రమే. నడితరమువి మూడువేల పైచిలుకు. ఇంత వెల పెట్టి తెచ్చిన జంతువును మృతునకు తోడుగా మట్టిలో చేసి పంపుటలో ఆశ్చర్యమేమి?

తాంగ్ వంశపు కాలమునకు, అనగా క్రీ.శ. 7, 8 శతాబ్దులకు, ఈ కళ పరాకాష్ఠ నందినది. పసుపు, ఆకుపచ్చ, తెలుపు పూతలు కరగి జాలువాఱినట్లుండు ఆ గుఱ్ఱములు నేడు ప్రపంచమందలి పెద్ద ప్రదర్శనశాలలలో నున్నవి. ఎవరి సమాధిలో ఎన్ని బొమ్మలుండవలెనో, ఎంత యెత్తుండవలెనో పదవిని బట్టి తాంగ్ ప్రభుత్వము నిర్ణయించెను. నిర్ణయమును మీఱి ఆడంబరము చేసిన వారును కలరు. 755లో చెలరేగిన ఆన్ లూషాన్ తిరుగుబాటుతో ఈ వైభవము తగ్గెను.

చీనా మృణ్మయాశ్వములు చరిత్రకారునకు ఇంత విలువైనవగుటకు కారణము వాని అందము మాత్రము కాదు. అవి సమాధులలో నున్నవి, సమాధులకు తేదీలున్నవి. ఒక్క ఉదాహరణము చాలును. చాంగ్‌షా నగరమున క్రీ.శ. 302వ సంవత్సరపు సమాధిలో దొరికిన ఒక రౌతు బొమ్మకు, గుఱ్ఱపు ఎడమప్రక్క మాత్రమే చిన్న రికాబు కలదు. అది ఎక్కుటకే గాని స్వారి చేయునపుడు పాదమూనుటకు కాదు. రికాబు పుట్టుకను గూర్చి చర్చించు వారందఱు ఈ మట్టిబొమ్మను పేర్కొనక తప్పదు. మన దేశమున సాంచి శిల్పములలో కాలి బొటనవ్రేలికి తగులు త్రాటి ఉచ్చు అంతకుఁ బూర్వమే కనబడుచున్నది గాని, అది రాతిపని. మన మట్టి గుఱ్ఱములకు ఇట్టి తేదీ పత్రములు లేవు. ఇవి సమాధిలో పెట్టుటకు చేసినవి కావు. ఇంట ఆడుకొనుటకో, దేవత ముందుంచుటకో చేసినవి. విరిగిన నాడు పారవేసినవి.

ఇక ఆ ప్రశ్నకు వత్తము. లింతోంగ్ సేన వార్త మన దేశమునకు వచ్చియుండునా? సీమా ఛియన్ అను చరిత్రకారుడు ఆ చక్రవర్తి మరణించిన శతాబ్దమునకు తన షీజీని వ్రాసెను. సమాధిలో పాదరసపు నదులు పాఱించుట మొదలైన విచిత్రములను వర్ణించిన ఆయన ఈ మట్టిసేనను గూర్చి ఒక్క మాటయు వ్రాయలేదు. చీనాలో శతాబ్దము గడచునప్పటికే గ్రంథమున కెక్కక మఱుగున పడిన విషయము పదునైదు వందల సంవత్సరముల తరువాత గోదావరీతీరమున కథగా వెలయుట పొసగదు. కావున లింతోంగ్ నుండి ప్రతిష్ఠానమునకు దారి లేదని నా నిశ్చయము.

అట్లయిన ఈ కథ యెక్కడిది? శాతవాహనుల నాటి నుండి వచ్చిన స్మృతియా? దీనికిని ఒక అడ్డు కలదు. 11వ శతాబ్దిలో కాశ్మీరమున సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరమున శాతవాహన నామమునకు వేఱు కథ యున్నది. సింహరూపమున నున్న సాతుడను యక్షుడు బాలుని మోసినందున ఆ పేరు వచ్చినదట. అందు కుమ్మరి లేడు, మట్టి గుఱ్ఱము లేదు. శాతవాహనుల నాటి గుణాఢ్యుని బృహత్కథకు వారసత్వము చెప్పుకొను గ్రంథమున లేని కథ, మూడు శతాబ్దుల తరువాతి జినప్రభుని కల్పమున ప్రత్యక్షమగుచున్నది. ఆయన నామవ్యుత్పత్తియు దానికి తగినట్లే యున్నది: దానార్థకమైన ధాతువు నుండి 'సాత' శబ్దమును సాధించి, మట్టి వాహనములను పంచిపెట్టినవాడు గనుక సాతవాహనుడని చెప్పెను. (ముండా భాషలలో 'సాదోమ్' అనగా గుఱ్ఱమనియు, శాతవాహనుడనగా అశ్వపుత్రుడనియు 1929లో ప్రిజిలుస్కి యను పండితుడు ఊహించెను. పెక్కురు అంగీకరింపలేదు. ఈ పేరు వ్యాఖ్యానింపబూనిన వారికెల్ల ఏదో యొక వాహనము దొరకుచునే యుండుట వినోదకరము.)

ఇచ్చట మనము గ్రంథములను ప్రక్కనిడి మంజీరా నది వెంట ఎగువకు పోవలసియున్నది. ఎల్లారెడ్డికి చేరువనున్న నిజాంసాగరమున నిలిచిన నీరు మంజీరది. ఆ నదీపరీవాహమునందే, ఎల్లారెడ్డికి ఇంచుమించు తిన్నగా దక్షిణమున, నేటి సంగారెడ్డి జిల్లాలో కొండాపురమను గ్రామము కలదు. దాని పొలిమేరలోని పాటిదిబ్బను నిజాము రాజ్య పురావస్తు శాఖవారు గులాం యజ్దానీ ఆధ్వర్యవమున 1940-41లో త్రవ్వించిరి. శాతవాహనుల నాటి పట్టణము బయల్పడెను. ఇండ్ల పునాదులు, బౌద్ధ కట్టడములు, పూసలు, నాణెములు, వానితోపాటు విశేషముగా మట్టిబొమ్మలు దొరికినవి. స్త్రీపురుషుల బొమ్మలతోపాటు గుఱ్ఱము, ఏనుగు, ఎద్దు, సింహము మొదలైన జంతువులవియు వానిలో కలవు. వీనిలో మేలైనవి సన్నని తెల్లమన్నుతో చేసినవి. ముందు భాగమున కొకటి, వెనుక భాగమున కొకటి, రెండచ్చులలో మట్టి నద్ది, ఆ రెండు సగములను అతికి లోపల డొల్లగా ఉంచిరి. తలకట్టు, నగలు, వెండ్రుకల పాయలు గోటితో గీచినంత స్పష్టముగా తేలియున్నవి. ఇట్టి బొమ్మలు మహారాష్ట్రమందలి తేర్ లోను లభించినవి. పైఠన్ పాటినేలను యజ్దానీగారే 1937లో త్రవ్వించియుండిరి. నాడు అదియు నిజాము రాజ్యములోనిదే.

అచ్చులో చేసిన బొమ్మకు ఒక లక్షణమున్నది. అది ఒంటరిగా పుట్టదు. ఒక అచ్చు నుండి పదులకొలది, వందలకొలది వచ్చును. ఒకే ముఖము, ఒకే నిలువు. ఒక పట్టణము రెండు మూడు శతాబ్దులు ఇట్లు బొమ్మలను చేసి, ఆడి, విఱుగగొట్టి, పారవేసినచో ఆ నేలలో ఏమి మిగులును? పట్టణము పాడైన తరువాత ప్రతి వానకును, ప్రతి నాగటి చాలునకును ఒక గుఱ్ఱపు తల, ఒక ఏనుగు తొండము, ఒక భటుని మొండెము పైకి వచ్చుచుండును. పాటిమన్ను మంచి ఎరువని రైతులు దిబ్బలను త్రవ్వి పొలములకు తోలుకొనుట మన పల్లెలలో ఎఱుగనివారు లేరు. అట్లు త్రవ్వునపుడు బయటపడిన మట్టి గుఱ్ఱముల గుంపును చూచి 13, 14 శతాబ్దుల పైఠన్ వాసి ఏమనుకొనియుండును? ఇవి ఎవరివని తన్ను తాను అడుగుకొనకుండునా?

శాలివాహనుని మట్టిసేన కథ ఈ ప్రశ్నకు ఆనాటివారు చెప్పుకొన్న సమాధానమని నా ప్రతిపాదనము. వారికి తమ ఊరు ఏలిన రాజు పేరు తెలియును. నేల నుండి వచ్చు గుఱ్ఱములు కంటికి కనబడుచున్నవి. వానిని చేయగలవాడు కుమ్మరి యని ఎవరును చెప్పనక్కఱలేదు. ఈ మూటిని కలిపిన కథ ఇది. అనగా శాతవాహనుల కాలమునుండి చెవి నుండి చెవికి వచ్చిన స్మృతి కాదు. శాతవాహనుల నేలను చూచి తరువాతివారు కట్టిన చరిత్ర. దానిని పుక్కిటి పురాణమని త్రోసివేయుట వారి కంటి చూపును అవమానించుటయే యగును. ఈ బొమ్మలను ప్రతిష్ఠానపు పూర్వరాజునకు ముడిపెట్టుటలో వారు యజ్దానీగారి నిర్ణయమునకు ఎంతో దూరమున లేరు.

దీనికి ఒక ఆక్షేపణము రాగలదని ఎఱుగుదును. కుమ్మరి వాడలో మట్టి గుఱ్ఱములు ఎప్పుడును చేయుచునే యుండిరి గదా, కథకునికి పాతదిబ్బతో పనియేమి? తమిళసీమలో అయ్యనారు గుడి ముందు నిలువెత్తు మట్టి గుఱ్ఱములను నేటికిని నిలుపుచున్నారు. గుజరాతు కొండజాతుల వారును దేవతలకు మట్టి గుఱ్ఱములనే మ్రొక్కుబడిగా నిత్తురు. నిజమైన గుఱ్ఱమును కొనలేని వాడు దేవునికి పిడికెడు మట్టితో గుఱ్ఱమునిచ్చుట సర్వత్ర సహజము. దక్షిణాపథమున గుఱ్ఱము సముద్రము మీదుగా దిగుమతియై రాజులకే అందుబాటులో నుండెను. ఈ ఆక్షేపణమును పూర్తిగా కాదనలేను. అయినను కథలో గుఱ్ఱమొక్కటి లేదు, సేన యున్నది. మ్రొక్కుబడి లేదు, ఒకప్పటి రాజున్నాడు. ఆ రెండింటిని వివరింపగలది వాడలోని ఆవము కాదు, ఊరి వెలుపలి దిబ్బయే.

నా ప్రతిపాదనమునకు కొంత బలమిచ్చు సంగతి యొకటి ఆ కథయందే కలదు. సింహాసన ద్వాత్రింశిక పాఠములలో మట్టిసేనకు ముందు ఒక తగవు వచ్చును. ఒక ధనికుడు తన మంచము క్రింద నలుగురు కొడుకులకు నాలుగు కుండలు పాతిపెట్టి చనిపోయెను. త్రవ్వి చూడగా ఒకదానిలో మన్ను, ఒకదానిలో బొగ్గులు, ఒకదానిలో ఎముకలు, ఒకదానిలో గడ్డి యున్నవి (పాఠభేదములున్నవి). రాజసభలలో తీరని ఆ తగవును కుమ్మరి యింటి బాలుడు తీర్చెను: మన్ను వచ్చినవానికి భూమి, బొగ్గులు వచ్చినవానికి లోహములు, ఎముకలు వచ్చినవానికి పశువులు, గడ్డి వచ్చినవానికి ధాన్యము. పాటిదిబ్బను ఒక్కసారి త్రవ్వించి చూచినవారికి ఈ పట్టిక క్రొత్తది కాదు. కుండపెంకుల నడుమ దొరకునవి అవే: బూడిదమన్ను, బొగ్గు, ఎముకలు, మాడిన పొట్టు. పాతిన కుండలను త్రవ్వి, అందలి చెత్త నుండి గతించినవాని ఆస్తిని చదువుట శాలివాహనుడు చేసిన పని. ఇది కాకతాళీయము కావచ్చును. కాని నేను దీనిని చదివినప్పుడెల్ల కథ కట్టినవాడు దిబ్బ ప్రక్క నివసించినవాడనియే తోచును.

చీనాలోను ఇట్టి అనుభవము లేకపోలేదు. 1974కు పూర్వమే లింతోంగ్ రైతులు అప్పుడప్పుడు మట్టి తలలను, మొండెములను త్రవ్వి తీసి, వానిని భూతములని భయపడిరనియు, బావి త్రవ్విన నాడు కూడ కొందఱు స్త్రీలు ఆ తలలకు ధూపము వేసిరనియు ఆ గ్రామస్థుల జ్ఞాపకములుగా ప్రచురింపబడినది. అచ్చటి వారికి ఆ మట్టిమనిషి భూతముగానో దేవుడుగానో కనబడెను. మనవారికి రాజుగారి సేనగా కనబడి, ఆ సేనను చేసిన చేతులకు గౌరవము తెచ్చిపెట్టెను.

ఆ చేతులను గూర్చి ఒక్క మాట. లింతోంగ్ బొమ్మలపై కుమ్మరుల పేళ్లు ముద్రించియున్నవి, గీచియున్నవి. ఎనుబదికి మించిన పేళ్లను అచ్చటి పరిశోధకులు చదివిరి. అవి కీర్తికై వేసినవి కావు. పనిలో లోపము కనబడినచో ఎవరిని శిక్షింపవలెనో అధికారులకు తెలియుటకై వేయించినవి. కొండాపురపు కుమ్మరి తన పేరు వ్రాయలేదు. అతడెవరో మనకు తెలియదు. అతని బొమ్మ చేసిన రాజవంశపు పేరును మాత్రము ఎల్లారెడ్డి సీమలోని కుమ్మరి తన కులమునకు పెట్టుకొని యున్నాడు. ఈ వారసత్వమునకు శాసనాధారము లేదు. కులములు తమ గౌరవమునకై పౌరాణిక నామములను స్వీకరించుట పలుచోట్ల కలదు గావున దీనిని రక్తసంబంధముగా గ్రహింపరాదు. అయితే పెండ్లికి ఐరేని కుండలు తెచ్చుటకు ఊరివారు మేళతాళములతో కుమ్మరి యింటికి నడచునప్పుడు, ఆ యింటి గడప శాలివాహనుడు పుట్టిన గడప యని చెప్పుకొను మాటకు పనియున్నది. కథ బ్రతికియుండుటకు అట్టి సందర్భములే కారణములు.

మంజీరా పరీవాహమందలి కుమ్మరుల నోటనున్న పాఠములు ఇంకను సేకరింపవలసియున్నవి. బొమ్మలకు ప్రాణము వచ్చినది అమృతము వలననా, మంత్రము వలననా. సేనలో మొదట లేచినది గుఱ్ఱమా, ఏనుగా. నాలుగు కుండల తగవు వారి కథలో కలదా లేదా? వీనిని అడిగి తెలిసికొనినచో, జినప్రభుని పాఠము నుండి దిగినది యెంతో, ఈ నేలపైననే పుట్టినది యెంతో తేల్చుటకు వీలు కలుగును. సారె త్రిప్పువారు ఏటేట తగ్గుచున్నారు గావున ఆ పనిని వాయిదా వేయుటకు వీలులేదు.